కొండ కింద పచ్చ పందిరి

అడవుల సంగతి మాట్లాడటానికి వెళ్లి మేకల సంగతి రాస్తున్నాను, చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు. దేశాలు చేయీ చేయీ కలిపి అడవులు కాపాడుకోవడం గురించి నాకు తెలిసింది అంతంత మాత్రమే. కోటమ్మ అనే ఒకావిడకి పదకొండు మేకలున్నాయనీ, అవి ఆవిడ దగ్గరే ఉంటాయా, బేరగాడి వెంట పోతాయా అన్నది తేలిన రోజున నేను అక్కడే ఉన్నాననీ మాత్రం గట్టిగా చెప్పగలను.

నేను గుంటూరు బ్రాడీపేటలో హిందీ పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే టీచర్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. 2003 మార్చిలో ఒక రోజు ప్రసాద్ అనే ఉద్యోగి మా ఇంటికి వచ్చాడు. అడవుల మీద పనిచేసే ఏదో సంస్థట. "నేపాల్ నుంచి ఇద్దరు వస్తున్నారు మేడమ్. వాళ్లకి హిందీ వచ్చు గానీ తెలుగు రాదు, మన రైతులకి హిందీ రాదు. మూడు రోజులు మీరు మధ్యలో ఉంటే చాలు" అన్నాడు.

నేపాల్ కొండల్లో ఊళ్లవాళ్లు తమ అడవిని తామే కాపాడుకుంటారట. మన దగ్గర కూడా కొండల కింద ఊళ్లలో అలాంటి సమితులు పెట్టారు. నిరుడు మనవాళ్లు అక్కడికి వెళ్లి చూసొచ్చారు, ఈసారి వాళ్లు రావాలి. ఖర్చు ఇంకెక్కడో ఉన్న మూడో దేశానిదట. "వాళ్లకేం పట్టింది?" అన్నాను. "గాలి అందరిదీ కదా మేడమ్" అన్నాడు. ఆ జవాబు నచ్చి ఒప్పుకున్నాను. పైగా, గుంటూరులో పుట్టి పెరిగి ఇంతకాలం మిరపకాయ తిన్నానే తప్ప మిరపచేలో కాలు పెట్టింది లేదు. అది కూడా ఒక సిగ్గు.

బ్రాడీపేట

వచ్చినవాళ్లలో ఒకరు దిల్‌మాయ, తమ ఊరి అడవి సంఘానికి పెద్ద. యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, నవ్వితే కళ్లు కనపడవు. మెడలో పచ్చ పూసల దండ. అక్కడ పెళ్లయిన ఆడవాళ్లకి అది మన మంగళసూత్రం లాంటిదట. రెండోవాడు హరిబహదూర్, బడిపంతులుగా చేసి మానేశాడు, ఆ సంఘానికే కార్యదర్శి. ఏ ధర విన్నా వెంటనే దాన్ని నేపాలీ రూపాయల్లోకి మార్చి నిట్టూర్చడం ఆయన అలవాటు. ఎనిమిది రూపాయల ఇడ్లీ ప్లేటుకి ఒకసారి, రెండు రూపాయల టీకి ఒకసారి నిట్టూర్చాడు.

టిఫిన్ దగ్గరే నా పొగరు దిగింది. "జాగ్రత్త, ఇది గుంటూరు కారం" అని గొప్పగా హెచ్చరించాను. దిల్‌మాయ మిరపకాయ బజ్జీ తొడిమ దాకా తినేసి, "బాగుంది, కాస్త తియ్యగా ఉంది" అంది. తర్వాత సంచిలోంచి రేగుపండంత ఎర్రటి గుండ్రటి మిరపకాయ తీసి నా ప్లేట్లో పెట్టింది. పరువు కోసం సగం కొరికాను. ఆ తర్వాత పావుగంట నేను మాట్లాడలేదు. ప్రసాద్ పరిగెత్తి పెరుగు తెచ్చాడు.

దారిలో కల్లాలు

చిలకలూరిపేట దాటేదాకా దిల్‌మాయ జీపు కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు. నల్లరేగడి చేలు, ఏరగా మిగిలిన పత్తి, కాలవ గట్ల మీద తుమ్మచెట్లు. ప్రతి మలుపులోనూ ఒకటే ప్రశ్న: "మీ అడవి ఎప్పుడొస్తుంది?" రేపొస్తుందని చెబితే, అడవికి కూడా ఒక రోజు ప్రయాణమా అని ఆశ్చర్యపోయింది. వాళ్ల ఊళ్లో గుమ్మం దిగితే అడవేనట.

మిరపకాయలు ఆరబోసిన ఒక కల్లం దగ్గర ఆగాం. నేల కనపడకుండా ఎరుపు. నలుగురికీ వరసగా తుమ్ములు పట్టుకున్నాయి. అక్కడ కూచుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి కడుపుబ్బ నవ్వారు. దిల్‌మాయ చీర కుచ్చెళ్లు దోపుకుని వాళ్ల పక్కనే కూచుని ఏరడం మొదలుపెట్టింది. వంట దేనితో చేస్తారని అడిగింది. మిరప కట్టె, పత్తి కట్టె, అవి అయిపోతే తుమ్మ కంప అని చెప్పారు. "మాకు కట్టెల కోసం సగం రోజు పోతుంది. మీకు చేలోనే ఉంది, అదృష్టవంతులు" అంది.

"కట్టె ఉందమ్మా, మేతే లేదు" అంది ఒకామె. "మందు కొట్టిన చేలో గొడ్డు నోరు పెట్టిందంటే ఇంటికి రాదు."

దాన్ని హిందీలో చెప్పానే గానీ అప్పట్లో నాకదేమంత పట్టలేదు.

పర్చూరు

పర్చూరు దగ్గర వెంకటేశ్వర్లు గారి పొగాకు బ్యారన్ చూశాం. బ్యారన్ అంటే పచ్చి పొగాకు కర్రలకి కట్టి లోపల వేలాడదీసి, కింద నుంచి వేడి పట్టించే ఎత్తయిన ఇల్లు. మంట వారం పాటు ఆరకూడదు, ఎక్కువా కాకూడదు. పక్కనే మనిషి ఎత్తున పుల్లలు పేర్చి ఉన్నాయి. దిల్‌మాయ వాటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఈ చెట్లు ఎక్కడివి?" అని అడిగింది.

వెంకటేశ్వర్లు గారికి కోపం వచ్చింది. "లారీలో వస్తయ్, కొంటాం. ఎక్కడివో ఏమడుగుతాం? అమ్మా, మమ్మల్ని తిట్టడానికి అంత దూరం నుంచి వచ్చారా?" అన్నాడు. తిట్టడానికి కాదు, చూసి నేర్చుకోవడానికే వచ్చామని ఆవిడ చెబితే చల్లబడ్డాడు. వేడి బయటికి పోకుండా పైకప్పు సందులు ఎలా పూడ్చాడో, పత్తి కట్టె కలిపి పుల్లల వాడకం ఎలా తగ్గించాడో వెంటబెట్టుకుని చూపించాడు. భోజనం పెట్టాకే వదిలాడు. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గడ్డపెరుగు. హరిబహదూర్ గోంగూర మూడుసార్లు వేయించుకున్నాడు, ధర అడగలేదు.

చేతులు కడుక్కుంటుంటే వెంకటేశ్వర్లు గారు నాతో ఒక మాటన్నాడు. "ఈ ఆకు ఏ దేశాలకో పోతుందండీ. అడవి కాపాడమని డబ్బు పంపేదీ ఆ దేశాలే. కొట్టించేదీ వాళ్లే, వద్దనేదీ వాళ్లే. నేనేమో ఈ మంట దగ్గర కూచుని ఇద్దరికీ సమాధానం చెప్పాలి." అందులో నిజముంది. దిల్‌మాయకి చెప్పాను. ఆవిడ ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

చీరాల

సాయంత్రానికి చీరాల చేరాం. మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో అందరం తలా ఒక తువ్వాలు కొనుక్కుని సముద్రానికి వెళ్లాం. వాళ్లది సముద్రం లేని దేశం. హరిబహదూర్ ఒడ్డున నిలబడి నమస్కారం చేస్తుండగా ఒక అల వచ్చి ఆయన ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. రెండోది కూడా ఇచ్చెయ్యమని దిల్‌మాయ ఏడిపించింది. మిగతా ప్రయాణమంతా ఆయన ఇరవై రూపాయల నీలం రబ్బరు చెప్పులతో తిరిగాడు.

కొండ కింద ఊరు

రెండో రోజు అద్దంకి వైపు వెళ్లాం. ఊరి పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. చుట్టూ పత్తి చేలు, మధ్యలో ఒక రాళ్ల కొండ. ఒకప్పుడు బోడిగా ఉండేదట. సమితి పెట్టి కొన్నేళ్లుగా కాపాడితే ఇప్పుడు వేప, కానుగ, నేరేడు కమ్ముకున్నాయి. దూరం నుంచి కనపడగానే దిల్‌మాయ నా తొడ మీద గట్టిగా చరిచి, "వచ్చింది!" అంది.

ఊరి మొగదల పచ్చటి ఆర్చి. బడి ముందు పెద్ద పందిరి, దాని నిండా పచ్చి మండలు. కిందకి వెళితే ప్రాణం లేచొచ్చింది. నిన్నటి నుంచి ఎండకి మాడి ఉన్నామేమో, ఆ నీడలో కూచోగానే నాకు నిద్ర ముంచుకొచ్చింది. పెద్దవాళ్లు వస్తే పచ్చ పందిరి వెయ్యడం మన మర్యాద. పెళ్లికైనా, మంత్రికైనా అంతే. అడవి చూడటానికి వచ్చినవాళ్లకి ఆ పందిరి దేనితో వేశారన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

సమితికి పెద్ద సైదాబీ. ఆవిడ భర్త పరుపులు, బొంతలు కుడతాడు, వాళ్ల ఇంట్లో మాటలూ తెలుగే. ఆవిడ రోజూ తెల్లారగానే కొండంతా ఒకసారి తిరిగి వస్తేనే గానీ నోట్లో టీ నీళ్లు పోసుకోదని ఊళ్లో చెప్పారు. మాకు కొబ్బరి బోండాలిచ్చి, నిలబడే మాట్లాడింది. "మా రూలు ఒకటేనండీ. పచ్చి కొమ్మ మీద కత్తి పడకూడదు. పడితే ఆ పనిముట్టు సమితి గదిలోకి పోద్ది. కొట్టిన మనిషి ఆ ఎండాకాలమంతా కొండెక్కకూడదు. నా తోడబుట్టిందైనా అంతే."

నేను ఆ ముక్కలన్నీ మంచి పరీక్ష హిందీలో అప్పజెప్పాను. దిల్‌మాయ తలూపింది. ఆ తర్వాత తలెత్తి, పందిరిలోంచి ఒక ఆకు తుంచి వాసన చూసి, "ఇదేం చెట్టు?" అని అడిగింది.

వెనక నిలబడ్డ ఒకాయన ముందుకొచ్చాడు. "కానుగండీ. మన కొండదే. మీరొస్తన్నారని నిన్న పదిమందిమి పోయి కొట్టుకొచ్చాం." చివరి మాటకి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. సైదాబీ పందిరి వైపు చూసింది. ఆ చూపు చూస్తే, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.

అప్పుడే పందిరి చివర గోల మొదలైంది. నాలుగైదు మేకలు గుంజల మీద ముందుకాళ్లు పెట్టి నిలబడి మండలు పీకి తింటున్నాయి. ఎవరో అదిలించబోయారు.

"తోలమాక!" అని అరుపు. "తిననీ. నా మేకలు తింటే తప్పు, మీ పందిరి తింటే మర్యాదా?"

ఆవిడే కోటమ్మ. నలభై దాటిన బక్కపలచటి మనిషి, తల మీద కొంగు. తిన్నగా సైదాబీ ముందుకొచ్చి నిలబడింది. "అక్కా, నెల కింద మేకలకి రెండు మండలు కోశానని నా దోటి గుంజుకున్నారు. కొండెక్కొద్దన్నారు. రూలు అంటే సరేనని దిగా. మరి ఇయ్యేంది? నేను కోసినయ్ రెండు. ఇయ్యి ఎన్నో చెప్పు."

దోటి అంటే చివర కొడవలి కట్టిన పొడుగాటి వెదురు గడ. కిందనుంచే కొమ్మ కోసి మేకలకి వేసేది దానితోనే.

"నిరుడు పత్తి చేలో మేపితే మూడు పోయినయ్. కొండ మీదకి పోనియ్యరు, చేలో ఇసం. యాడ మేపేది? రేపు పొద్దున బేరగాడు వస్తన్నాడు. పదకొండూ తోలిచ్చేస్తా. మా ఆయన పోయినాక నన్ను సాకింది ఇయ్యేనమ్మా. ఇయ్యి పోయినాక మీ కొండ చూసుకుంటా కూచుంటా."

ప్రసాద్ నా చెవి దగ్గరికి వంగాడు. "మేడమ్, ఇది వాళ్ల ఊరి గొడవ. ఇళ్లస్థలం గురించి అడుగుతోందని చెప్పెయ్యండి."

నాకు ఒళ్లు మండింది. మధ్యలో ఉండమన్నారు కదా, ఉంటున్నాను అన్నాను. ఉన్నది ఉన్నట్టు దిల్‌మాయకి చెప్పాను. ఇరవై రెండేళ్లలో ఏ పరీక్షలోనూ మేకల మేత గురించి ప్రశ్న రాలేదు కాబట్టి సగం హిందీ, సగం చేతులు. చెబుతున్నంతసేపూ ఆవిడ కోటమ్మనే చూస్తోంది.

తర్వాత దిల్‌మాయ మొదలుపెట్టింది. ఒక్కో మాటా ఆగి చెప్పింది, నేను తెలుగులో అందరికీ వినిపించాను.

"మా ఊళ్లో అడవికి కాపలా వంతుల మీద కాస్తాం. ఒక కర్ర ఉంటుంది. పొద్దున్నే ఎవరి తలుపు దగ్గర ఆ కర్ర కనపడితే ఆ రోజు ఆ ఇంటి వంతు. సాయంత్రం వాళ్లు దాన్ని పక్కింటి తలుపు దగ్గర పెడతారు. అడవి మూసిన మొదటి ఏడు మా పక్కింటి సుకుమాయని మూడుసార్లు పట్టుకున్నాను. నేనే పట్టుకున్నాను. ఆమెకి ఏడు మేకలు. నలుగురిలో తప్పు ఒప్పించాను. ఆమె మేకలు అమ్మేసింది. మొగుడూ పిల్లలతో ఎక్కడో ఇటుకబట్టీలకి వెళ్లిపోయింది. మా అడవి బాగా పెరిగింది. ఎన్ని దేశాలవాళ్లో వచ్చి చూశారు, ఫోటోలు తీసుకున్నారు. ఆ ఇంటికి తాళం ఇంకా అలాగే ఉంది. నా వంతు అయిన ప్రతిసారీ కర్ర పట్టుకుని ఆ తలుపు దాటి, అవతలి ఇంటి దగ్గర పెట్టి వస్తాను. ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈవిడ అడిగింది కాబట్టి చెబుతున్నాను."

హరిబహదూర్ తల దించుకున్నాడు. ఆయనకి ఆ తాళం సంగతి తెలుసని అర్థమైంది.

సైదాబీ పందిరి గుంజ దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేసింది. తర్వాత, "పందిరి పీకండి" అంది.

"అతిథుల్ని ఎండలో కూచోబెడతామా?" అన్నాడొక పెద్దాయన. ఆయన మాట పూర్తయ్యేలోపే దిల్‌మాయ తన కుర్చీ తనే తీసుకుని ఎండలోకి వెళ్లి కూచుంది. నేనూ చీరాల తువ్వాలు నెత్తిన వేసుకుని వెనకే వెళ్లాను. పది నిమిషాల్లో పందిరి నేల మీద ఉంది, కోటమ్మ మేకలు దాని మీద ఉన్నాయి.

మధ్యాహ్నం దాకా వాదులాట. కోటమ్మకి వదిలితే రేపు అందరూ ఎక్కుతారని ఒకరు, ఎక్కనివ్వకపోతే దొంగతనంగా ఎక్కుతారని ఇంకొకరు. ఏ చెట్టు తొందరగా చిగురిస్తుందని దిల్‌మాయ అడిగితే, సరిగ్గా చెప్పగలిగింది కోటమ్మ ఒక్కతే. "కానుగ కోసినా మళ్లీ కమ్ముకుంటది. తలకొమ్మ ముట్టగూడదు, పక్క మండలే కొయ్యాల. నేరేడు జోలికి అసలు పోగూడదు." చివరికి తూర్పు వాలులో ఉన్న కానుగ చెట్లు మేకలున్న ఇళ్లకి వదలాలనీ, వారానికి ఒక వరస చొప్పున కోసుకోవాలనీ ఒప్పుకున్నారు. కోటమ్మ ఇక కొండెక్కొచ్చని చెప్పి, సమితి గదిలోంచి దోటి తెచ్చి ఇచ్చారు. ఆవిడ అందుకుందే గానీ ముఖం విప్పలేదు. "నెల రోజులు ఎండుటాకులు నమిలినయ్. దానికేం చెప్తారు?" అంది.

అందరూ లేవబోతుంటే సైదాబీ ఆపింది. "ఇంకోటుంది. పందిరికి కొట్టుకురమ్మంది నేనే. ఈ ఎండాకాలం నేను కొండెక్కను."

మర్యాదకి కొట్టింది తప్పెలా అవుతుందని మగవాళ్లు నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు. ప్రసాద్ నా వైపు చూసి, ఇది కూడా చెప్పమన్నట్టు సైగ చేశాడు.

మర్నాడు పొద్దున

ఆ రాత్రికి ఆ ఊరి బడిలోనే పడుకున్నాం. తెల్లారేసరికి బేరగాడు మోపెడ్ మీద వచ్చి ఉన్నాడు. కోటమ్మ రెండు పోతుల్ని మాత్రం ఇచ్చింది, ఇంట్లో బియ్యం లేవట. మిగతావాటికోసం వాడు ఎంత బతిమాలినా, ఆనక తిట్టినా ఆవిడ కదల్లేదు. వాడు వెళ్లేటప్పుడు అమ్మేసిన రెండూ అరిచాయి. ఆవిడ అటు చూడకుండా మిగిలిన తొమ్మిదింటినీ కొండవైపు మళ్లించింది.

మేం కూడా చివరిసారి కొండ చూద్దామని వెనకే వెళ్లాం. కొండ మొదట్లో సున్నం కొట్టిన హద్దు రాయి ఉంది. దాని పక్కన సైదాబీ నిలబడి ఉంది, చంకలో నీళ్ల బిందెతో. పైన ఎండాకాలం ఎండిపోయే రాతిగుంట, దొన అంటారు, దాని దగ్గర రెండు నేరేడు మొక్కలు నాటిందట, రోజూ ఒక బిందె నీళ్లు మోసుకెళ్లి పోస్తుందట. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ నీళ్లు తెచ్చుకుంది. రాయి దాకా వచ్చాక గుర్తొచ్చింది. ముందుకీ పోదు, వెనక్కీ పోదు.

"ఎక్కండి, ఎవరేమంటారు?" అన్నాను నేను.

"నేనేగా అనాల్సింది" అంది.

అప్పటికే కాస్త పైకెక్కిన కోటమ్మ ఆగి వెనక్కి చూసింది. దోటి ఒక బండకి ఆనించి, గొణుక్కుంటూ దిగొచ్చింది. రాయికి అవతలే నిలబడి చేతులు చాచింది.

"ఇట్టా తే."

సైదాబీ బిందె అందించింది. "రెంటికీ తలా సగం పొయ్యి. ఒకటి దొనకి ఆనుకుని ఉంటది, రెండోది..."

"నాకు తెలుసులే అక్కా. నిరుడు నా మేకల్ని తరిమింది వాటికాడనుంచేగా" అంటూ కోటమ్మ బిందె చంకనెత్తుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

ప్రసాద్ హారన్ కొట్టిస్తున్నాడు. మేం వెళ్లి జీపెక్కాం. జీపు మలుపు తిరిగేదాకా చూశాను. సైదాబీ రాయికి ఇవతలే నిలబడి ఉంది, నీళ్లు ఎంతవరకు వెళ్లాయో చూసుకుంటూ.